జిలేబీ చేపలకు అమ్మ పోసిన చెరువు

నేను అనంతపురం వెళ్లొచ్చి నెల కావస్తోంది. "అక్కడ చూడ్డానికేముంది?" అని మా వీధిలో అడగనివాళ్లు లేరు. మా కైకలూరు వైపు వాళ్లకు ఆ జిల్లా అంటే ఎండ, రాళ్లు, వేరుశనగ. నేను చూడ్డానికి వెళ్లలేదు. ఓబులమ్మ ఒక పని మీద రమ్మంటే వెళ్లాను. ఆ పని చేయకుండా వచ్చాను. అదే రాద్దామని కూర్చున్నాను.

ఓబులమ్మ ఎవరో ముందు చెప్పాలి. మూడేళ్ల కిందట మా అమ్మను కంటి ఆపరేషన్‌కి బెంగుళూరు తీసుకెళ్లినప్పుడు, పక్క మంచం ఓబులమ్మ అత్తగారిది. నాకు కన్నడం ఒక్క ముక్క రాదు. ఏ కిటికీ దగ్గర ఏ చీటీ ఇవ్వాలో తెలియక బిక్కమొహం వేసుకుని కూర్చుంటే, నాకన్నా పదేళ్లు చిన్నదైన ఆ మనిషి వచ్చి చీటీ లాక్కుని వెళ్లి, పని ముగించుకుని వచ్చింది. తర్వాత తన డబ్బాలోని రాగి సంగటి సగం విరిచి నా చేతిలో పెట్టింది. "తినక్కా. గోడ చూసుకుంటా కూర్చుంటే కడుపు నిండుతాదా?" అంది. నాలుగు రోజులు అలాగే పెట్టింది. నేను తినేముందు కళ్లు మూసుకుని దేవుడికి కృతజ్ఞత చెప్పుకుంటాను. నేను కళ్లు తెరిచేదాకా ఆమె కూడా ముద్ద నోట్లో పెట్టుకునేది కాదు. ఆమె అత్త గంగులమ్మ కంటికట్టు విప్పే రోజు, నేను మంచం పక్కన నిలబడి ప్రార్థన చేస్తే, కోడలూ అత్తా ఇద్దరూ చేతులు జోడించారు.

నేను బడికి వెళ్లలేదు. చిన్నప్పుడు కాలు చచ్చుబడితే, నాన్నే చేపల చెరువు గట్టు మీద గుడిసెలో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించాడు. ఆయన ఆ చెరువుకు కాపలాదారు. ఆదివారం సంఘంలో పాటలు పాడించేవాడు. అక్షరాల తర్వాత ఆయన నేర్పిన చదువు చేపలది. ఇత్తడి అంచు ఉన్న భూతద్దం పట్టుకుని మొప్ప ఎత్తి చూపించేవాడు. "ఇదిగో పేను. ఇదిగో పురుగు. ఇది కంటికి ఆనదు, కానీ చేప ఊపిరి తాగేది ఇదే" అనేవాడు. ఆయన పోయాక ఆ అద్దం నా సంచిలో ఉంటోంది.

ఏప్రిల్ చివర్లో ఓబులమ్మ ఫోన్ చేసింది.

"అక్కా, మా జిలేబీలకు ఏందో రోగమొచ్చినాది. మీ నాయన చేపల డాక్టరు గదా, నీకి తెలుస్తాదేమో. ఒకతూరి వచ్చి చూసిపో."

"మా నాన్న డాక్టరు కాదమ్మా, కాపలాదారు."

"ఏదో ఒకటి. నువ్వు రా."

జిలేబీ అంటే అక్కడ తిలాపియా చేప. ఎవరూ చేపపిల్లల్ని వదలకపోయినా చెరువుల్లో తనంతట తాను పెరిగేది. మా వైపు చెరువుల్లో అది కలుపు. వలలో పడితే గట్టు మీదికి విసిరేస్తారు. ఓబులమ్మ ఇల్లు నడిచేది దాని మీద.

గుంతకల్లు: పాపం చేసినావా?

రైలు దిగేసరికి ఆకలి. స్టేషన్ బయట ఒక పెద్దావిడ బండి మీద ఉగ్గాని పెడుతోంది. మరమరాలను నీళ్లలో తడిపి గట్టిగా పిండేసి, పసుపూ ఉల్లిపాయా వేసి తాలింపు పెట్టింది. పక్కన చెయ్యంత పొడుగు మిరపకాయ బజ్జీ. రెండూ కలిపి నలభై రూపాయలు. మా దగ్గర మరమరాలు పిల్లల చిరుతిండి. ఇక్కడ పొద్దున పూట మగవాళ్లు నిలబడి ఆకుల్లో తింటున్నారు.

"యా ఊరమ్మా?" అంది ఆవిడ.

"కైకలూరు. కొల్లేటి పక్కన."

"అది యాడుండాది?"

"చాలా దూరం. చుట్టూ నీళ్లే ఉంటాయి."

ఆవిడ గరిటె ఆపింది. "చుట్టూ నీళ్లు పెట్టుకొని ఈడికెందుకొచ్చినావే తల్లీ? ఏం పాపం జేసినావు?"

పక్కనున్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడ అడగకుండానే ఇంకో బజ్జీ వేసింది. దానికి డబ్బులు తీసుకోలేదు. ఆమె ప్రశ్నకు జవాబు తిరుగుప్రయాణంలో గానీ దొరకలేదు.

అనంతపురం: పొట్లం

బస్టాండులో నా తెలివి చూపించుకున్నాను. శింగనమల బస్సు కోసం చూస్తూ, ఆ చేప బజారులో ఎలా ఉందో చూద్దామని ఒక కొట్టాయన్ని "ఇక్కడ జిలేబీ ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగాను. ఆయన ఎదురుగా వేలు చూపించాడు. అక్కడ బాణలిలో నూనె కాగుతోంది. నేను వివరించేలోపే వేడివేడిగా పావుకిలో పొట్లం కట్టి చేతిలో పెట్టారు. వద్దనడానికి మొహమాటం. ఏ మాటైనా గొంతులో ఉండగానే మొహమాటం దాన్ని మింగేయడం నాకు చిన్నప్పటి జబ్బు. డెబ్బై రూపాయలిచ్చి పొట్లం సంచిలో వేసుకున్నాను.

బస్సులో దారి పొడుగునా దున్ని వదిలేసిన ఎర్ర చేలు, గుండ్రాళ్ల గుట్టలు. మా వైపు కిటికీలోంచి ఎటు చూసినా నీళ్లు మెరుస్తాయి. ఇక్కడ మెరుస్తున్నది చూసి నీళ్లనుకుంటే, అది దగ్గరికొచ్చాక రేకుల షెడ్డు.

శింగనమల దాటాక ఇంకో ఆటో. ఊరి పేరు రాయను. ఆ ఊరి చేపంటే ఎవరైనా మొహం తిప్పుకుంటారేమోనని.

తాలింపు లేని ఇల్లు

ఓబులమ్మ గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. ఆమె ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుంది. పొట్లం చూపించి జరిగింది చెబితే కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది.

"జిలేబీలను చూసేకి జిలేబీలే తెచ్చినావా అక్కా! అయితే లోపలికి తేగూడదు. నూనె వంట. ఈడే కడతా ఉండు." చూరుకున్న మేకుకు తగిలించింది.

"ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోసిందా?" అన్నాను. మా వైపు కూడా ఆటలమ్మ వస్తే వేపమండలు కడతారు, పొయ్యి మీద నూనె కాగనివ్వరు.

"ఇంట్లో కాదు. చెరువులో."

ఆమె నాకు ఫోన్ చేసిన వారానికి, గంగులమ్మ చెరువు దగ్గరికి పోయి ఒక చేపను చేతిలోకి తీసుకుని చూసిందట. ఒళ్లంతా పసుపుపచ్చ పొక్కులు. "ఆపరేషన్ జేసిన కంటితో నేనే చూసినా కరుణమ్మా" అంది గంగులమ్మ, మంచం మీద నాకు చోటిస్తూ. "నా చిన్నప్పుడు నాకు పోసినట్లే ఉండాది. గంగమ్మ తల్లి జిలేబీల మీదికొచ్చినాది." ఊరిలో చేపలు పట్టే అయిదారు ఇళ్లవాళ్లూ ఆ మాటే నిజమన్నారు. అమ్మ దిగేదాకా వల తడపకూడదు, ఆ ఇళ్లలో తాలింపు పెట్టకూడదు.

"మరి ఎప్పుడు దిగుతుంది పెద్దమ్మా?"

"మనిషికైతే తొమ్మిదో నాడు నీళ్లు పోస్తాము. చేపలకు మనం పోసేదేముండాది? వానే పోయల్ల. వాన పడినాక వల."

ఆ పూట సంగటి, ఉప్పు వేసిన ఉడికిన పప్పు, మజ్జిగ. ఓబులమ్మ భర్త కుళ్ళాయప్ప వలను గోడకు చేర్చి వచ్చి కూర్చున్నాడు. నేను కళ్లు మూసుకుని తెరిచేదాకా ముగ్గురూ ఆగారు, మూడేళ్ల కిందటిలాగే. ఆ సప్పిడి కూడు నాకెంతో రుచిగా ఉంది. దేవుడికి నిండుగా కృతజ్ఞత చెప్పుకున్నాను.

చెయ్యి కడుక్కునేటప్పుడు ఓబులమ్మ మెల్లగా చెప్పింది. ఏడాదంతా పట్టే చేప ఒకెత్తు, ఎండాకాలం చెరువు ఇంకిపోయే నెలలో పట్టేది ఒకెత్తు. కిలో ఎనభై చొప్పున తట్టలో పెట్టుకుని నాలుగు ఊళ్లు తిరుగుతుంది. ఆ నెల దక్కితే ఏడాది ఊరిలో ఉండొచ్చు. దక్కకపోతే బెంగుళూరులో మేస్త్రీల కింద సిమెంటు మోయాలి. రెండేళ్లు మోసి, మళ్లీ పోనని ఒట్టేసుకుని వచ్చింది. "ఆడ రేకుల గూట్లో పడుకుంటే పైన ఇంకోళ్ల కట్టడం లేస్తా ఉంటాదక్కా. అది ముగిసేలోపల మనల్ని తీసేస్తారు. ఈసారి గూడా పోవల్లంటే నేను యట్ల పోయేది?"

చెరువు

మర్నాడు పొద్దున కుళ్ళాయప్పతో వెళ్లాను. చెరువు నడుమ నాలుగెకరాల మేర నీళ్లు, మోకాలు లోతు. చుట్టూ పగిలిన బురద. చేపలు పట్టడానికి వేసుకెళ్లే పుట్టిని గట్టు మీద బోర్లించి, దానికీ వేపమండ కట్టారు. ఒడ్డున నత్తలు కాలు పెట్టడానికి లేకుండా ఉన్నాయి. నీళ్లలో కొంగలు బారులు తీరి నిలబడ్డాయి.

"అమ్మకు కాపలా నిలబడినాయంటాది మాయమ్మ" అన్నాడు కుళ్ళాయప్ప.

ఒడ్డుకు కొట్టుకొచ్చి ఈదలేక తిరుగుతున్న ఒక చేపను పట్టుకున్నాను. పొట్ట లోపలికి పీక్కుపోయింది. తల పెద్దగా, ఒళ్లు కత్తిలా ఉంది. మొప్ప ఎత్తాను. ఎర్రగా ఉండాల్సింది నానిన కాగితంలా పాలిపోయి, జిగురు కట్టి ఉంది. మొప్ప కింద, రెక్క మొదట్లో బియ్యపుగింజంత పసుపుపచ్చ పొక్కులు. అద్దం పెట్టి చూశాను. పొక్కులో ఒకటి మెసిలింది.

నాకు తెలుసు అదేమిటో. కొంగ కడుపులోని పురుగు రెట్టతో నీళ్లలో పడుతుంది. నత్తలోకి దూరి అక్కడ పెరుగుతుంది. నత్తలోంచి బయటికొచ్చి చేప ఒంట్లో గూడు కట్టుకుని, ఆ చేపను కొంగ తినేదాకా కాచుకుని ఉంటుంది. నీళ్లు నిండుగా ఉంటే చేప దాన్ని మోస్తూ బతికేస్తుంది. నీళ్లు తగ్గి చేప మీద చేప పడితే, ఒక్కో చేప ఒంట్లో పదేసి గూళ్లు, మొప్పల మీద కంటికి ఆనని పురుగులు వేలు. మా వైపైతే ఆ రోజే పట్టుబడి పెట్టేస్తారు, అంటే వలలు దించి చేపను బయటికి తీసేస్తారు. సగం తీసేస్తే మిగతా సగానికి ఊపిరి ఉంటుంది. పట్టిన చేపను శుభ్రం చేసి బాగా ఉడికిస్తే తినేవాళ్లకు ఏమీ కాదు.

"ఏమంటాది వదినా మీ నాయన అద్దం?" అన్నాడు కుళ్ళాయప్ప. నవ్వుతూ అడిగాడు గానీ కళ్లు నవ్వలేదు. "వల తడిపేదా, వద్దా? నువ్వొక మాట జెప్పు. నేను మాయమ్మకు జెప్పుకుంటా."

ఆయన అడిగాడు. ఇంత తేటగా అడిగాడు. నాకు గుమ్మానికున్న వేపమండలు గుర్తొచ్చాయి. వాళ్ల దేవత పేరు ఉన్న చోట, వేరే దేవుణ్ణి కొలిచే నేను, నిన్న వచ్చినదాన్ని, 'అది అమ్మ కాదు, పురుగు' అని ఎలా అనడం? వీళ్ల ఉప్పు తిని వీళ్ల నమ్మకాన్ని తక్కువ చేసినట్టవుతుందనుకున్నాను. అది మర్యాద అనుకున్నాను.

"పెద్దమ్మ చెప్పాక నేను చెప్పేదేముందయ్యా" అన్నాను.

ఆయన "సరేలే" అని, భుజం మీది వలను ఇంకో భుజానికి మార్చుకున్నాడు. పొడి వలను రోజూ మోసుకొచ్చి, మోసుకుపోతున్నాడు ఆ మనిషి.

మబ్బు

ఆ సాయంత్రం పడమట మబ్బు పట్టింది. ఊరంతా వీధిలోకొచ్చింది. గంగులమ్మ మంచం దిగి పసుపు నీళ్లు కలిపింది. ఓబులమ్మ నన్ను గిరగిరా తిప్పేసింది. "నీ కాలు మంచిదక్కా! మూడేండ్లకు వచ్చినావు, వాన తెచ్చినావు!"

"రేపు నీళ్లు పోస్తాది తల్లి" అంది గంగులమ్మ. "ఎల్లుండి వల. కరుణమ్మకు పులుసు పెట్టి పంపల్ల."

గాలి లేదు. ఆకు కదలడం లేదు. ఉక్క. మబ్బు అలా కప్పుకుని నిలబడిపోయింది.

ఇలాంటి సాయంత్రాల్లో నాన్న అన్నం తినేవాడు కాదు. మబ్బు మూసి గాలి ఆగితే నీళ్లలో ఊపిరి తరుగుతుంది, తెల్లవారేసరికి చేప తేలుతుంది. ఆరోగ్యంగా ఉన్న చేపే తట్టుకోలేదు. ఆ మొప్పలతో ఇవెలా తట్టుకుంటాయి? అప్పటికింకా వెలుతురుంది. నాలుగు వలలు దిగితే చీకటి పడేలోపు సగం చెరువు బయటికొచ్చేది. అనంతపురం అంగడికి ఆటోలు పోయేవి.

వాళ్లందరూ ఆకాశం వైపు చూసి నవ్వుతున్నారు. నేనూ వాళ్లతో పాటు తలెత్తి చూశాను. పడుకునే ముందు ప్రార్థన చేశాను. "ప్రభువా, కాస్త గాలి పంపు" అని అడిగాను. పక్క చాప మీదున్న ఓబులమ్మను తట్టి లేపి చెప్పలేదు.

తెల్లవారాక

వాన పడలేదు. మబ్బు విడిపోయి మామూలుగా ఎండొచ్చింది. ఎవరో కేకేస్తే అందరం పరిగెత్తాం. నేను చివరగా, కాలు ఈడ్చుకుంటూ.

నీళ్లు కనిపించలేదు. తెల్లగా పొట్టలే. అరచేతంత చేపల నుంచి మూరెడు చేపల దాకా. కొన్ని ఇంకా నోరు పైకి పెట్టి గుటకలేస్తున్నాయి. కొంగలు తినలేక గట్టు మీదికొచ్చి నిలబడ్డాయి. కుళ్ళాయప్ప నీళ్లలో దిగి, వల భుజం మీదే ఉంచుకుని నిలబడిపోయాడు. గంగులమ్మ బురదలో కూర్చుని "తల్లీ, నీళ్లు పొయ్యకనే పోతివా" అని గొణుగుతోంది.

ఓబులమ్మ ఒక చేపను తెచ్చి నా ముందు పెట్టింది. "ఇప్పుడన్నా చూసి చెప్పక్కా. ఏమైనాది వీటికి?"

నేను పిన్నీసుతో ఒక పొక్కు విప్పాను. అద్దం ఆమె చేతికిచ్చాను. ఆమె వంగి చూసింది. పసుపుపచ్చ పురుగు ముడుచుకుని, సాగి, పిన్నీసు మీదికి పాకింది. 

"ఇది నిన్న గూడా ఉన్యాదా?"

"ఉంది."

"నువ్వు చూస్తివా?"

"చూశాను."

"మబ్బు పడితే ఇట్లయితాదని?"

"తెలుసు ఓబులమ్మా."

ఆమె అద్దం నా చేతిలో పెట్టింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"మా గంగమ్మను ఏమన్నా అన్నట్లయితాదని ఊరుకున్యావు. అంతేనా?" అంది. "ఆసుపత్రిలో నువ్వు మాయత్తకు మీ దేవుని ప్రార్థన జేస్తే మేము వద్దంటిమా అక్కా? మీ దేవుడు మాకు పరాయోడని అంటిమా? నిన్ను పిలిచిందే చెప్పేకి గదా."

నేను అద్దాన్ని పైటచెంగుతో తుడుస్తూ ఉండిపోయాను. 

ఆ రోజంతా ఊరు ఊరంతా గుంతలు తవ్వి పూడ్చింది. నేనూ తట్టలు మోశాను. నాన్న అద్దాన్ని ఓబులమ్మకిచ్చేద్దామనుకున్నాను. "బెంగుళూరులో సిమెంటు మోసేకి అద్దమెందుకక్కా" అంది, కోపం లేకుండానే. గంగులమ్మనూ తోడుకుని పోతున్నారు. సాయంత్రానికి మూటలు రెండు గుమ్మం దగ్గరికి వచ్చాయి. చూరుకు వేలాడిన పొట్లాన్ని కుళ్ళాయప్ప దింపితే చీమలు తప్ప ఏమీ మిగల్లేదు.

పొద్దుగూకే ముందు గుమ్మానికున్న వేపమండలు తీసేశారు. ఓబులమ్మ పొయ్యి వెలిగించి నూనె పెట్టింది. ఆవాలు చిటపటలాడాయి. మూడు వారాలుగా ఆ ఇంట్లో వినపడని చప్పుడు. వెల్లుల్లి, ఎండుమిరప వాసన ఇల్లంతా నిండింది. పక్కిళ్లలో కూడా ఒక్కొక్కటిగా తాలింపులు మొదలయ్యాయి. చెరువులో ఇక అమ్మ లేదు. ఉండడానికి చేపలు లేవు.

"ఇంకొక మిరపకాయ వెయ్యే" అని మంచం మీంచి అంది గంగులమ్మ. "కరుణమ్మ మూడు దినాల నుంచి సప్పిడి తింటాండాది, పాపం."

నలుగురి కంచాల్లో సంగటి పడింది. అలవాటుగా కళ్లు మూసుకున్నాను. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ప్రతి ముద్దకూ చెప్పిన మాట అది. ఎంత వెతికినా దొరకలేదు. కంచం ముందు ముగ్గురూ నా కోసం ఆగి ఉన్నారని తెలుస్తోంది. కళ్లు తెరవలేకపోయాను.

"కానియ్యక్కా" అంది ఓబులమ్మ. "చల్లారిపోతాది."